కుక్కల కోసం ముప్పై కిలోమీటర్లు

కిందటి నెల మేం చందా డబ్బా పట్టుకుని మీ గదుల చుట్టూ తిరిగాం. ఆ లెక్క చెప్పడానికే ఈ వారం ఈ నాలుగు మాటలు.

నడక పూర్తయింది. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు ఆక్లండ్ ఓడరేవు దగ్గర బయలుదేరాం. గ్రేట్ సౌత్ రోడ్డు పట్టుకుని ఓటాహుహు, పాపటోయ్‌టోయ్, మనురేవా, టకానిని దాటి సాయంత్రానికి పాపకూర చేరాం. రైల్లో సుమారు గంట. కాళ్లకు మాత్రం పన్నెండు గంటలు! రోజూ కుర్చీలో కూర్చుని టైంషీట్లు రాసే మాకు మనురేవా చేరేసరికి మడమలు బొబ్బలెక్కాయి. టకానిని గురుద్వారాలో లంగరు భోజనం చేశాకే మళ్లీ లేవగలిగాం.

డబ్బా తిప్పేటప్పుడు ఒక అన్న నిలదీశాడు. "మనుషులకే దిక్కులేదు, కుక్కలకు చందాలా?" అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. ఈ పాపకూరలోనే 2023 ఆగస్టులో మన దేశం, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన సుమారు 40 మంది మూడు పడకగదుల ఇంట్లో కుక్కుకుని బయటపడ్డారు. వీసాకు వేలకు వేలు కట్టి, పనిలేక, తిండికి ఇబ్బందిపడినవాళ్లు. ఆ కథ మరిచిపోయి మేం డబ్బా పట్టలేదు.

కానీ తెల్లవారుజామున షిఫ్టుకు నడిచి వెళ్లే మనకు ఇక్కడి వీధికుక్కల భయం కొత్త కాదు. అవి ఎవరో పెంచి వదిలేసినవి, లేదా వాటికి పుట్టిన పిల్లలు. 2024-25లో ఆక్లండ్ కౌన్సిల్ 10 వేలకు పైగా కుక్కలను పట్టుకుంది. వాటిలో సగానికి పైగా ఇంజక్షనుతో చచ్చిపోయాయి. పిల్లలు పుట్టకుండా ముందే ఆపరేషన్ చేయిస్తే కుక్కకూ చావు తప్పుతుంది, మన పిక్కకూ కాటు తప్పుతుంది. ఆ ఆపరేషన్లు చేయించే సంస్థల్లో ఎస్‌పీసీఏ ఒకటి. మాంగెరేలో దాని కేంద్రం ఉంది. జంతువులను హింసించేవారిపై చర్య తీసుకునే అధికారం 1999 జంతు సంక్షేమ చట్టం దాని ఇన్‌స్పెక్టర్లకు ఇచ్చింది. అయినా అది నడిచేది ఎక్కువగా చందాలమీదే. మన హైదరాబాద్‌లో 1992లో అమల గారు మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటిదే అనుకోండి.

ఇక లెక్క. మొత్తం 412 డాలర్లు వచ్చాయి. ఎక్కువ భాగం మీరు వేసిన రెండు డాలర్ల బిళ్లలే. అన్నీ ఎస్‌పీసీఏకు కట్టేశాం, కాగితం ఆఫీసు గోడమీద అంటించాం. వచ్చి చూసుకోండి.

ఇంకో పనికొచ్చే మాట. ఇక్కడ గుర్తింపు ఉన్న సంస్థకు 5 డాలర్లు, ఆపైన ఇచ్చి మీ పేరున రసీదు తీసుకుంటే, మార్చి 31తో సంవత్సరం ముగిశాక అందులో మూడో వంతు ఇన్‌ల్యాండ్ రెవెన్యూ నుంచి అడిగి తెచ్చుకోవచ్చు. మీరు ఇక్కడ పన్ను కట్టే నివాసి అయి ఉండాలి. గుడికి ఇచ్చినా, గురుద్వారాకు ఇచ్చినా, ఆ సంస్థకు గుర్తింపు ఉంటే ఇదే పద్ధతి. రెండు డాలర్లకు ఇది వర్తించదు. అయిదు, పది ఇచ్చిన పదకొండు మంది రసీదులు మా దగ్గరున్నాయి, తీసుకెళ్లండి. ఫారం నింపడం రాకపోతే మేం నింపుతాం. దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

అన్నట్టు, మమ్మల్ని నిలదీసిన అన్న డబ్బాలో ఏమీ వేయలేదు. ఆదివారం మేం కుంటుకుంటూ టకానిని దాటుతుంటే మాత్రం ఎదురొచ్చి మా సంచి అందుకుని, పాపకూర దాకా మాతో నడిచాడు. "నడుస్తా, కానీ నా ప్రశ్న అలాగే ఉంది" అన్నాడు. ఉండాల్సిందే అన్నా. వచ్చే వారం ఈ పేజీలో దానికే చోటు: జీతం ఎగ్గొడితే, గదిలో కుక్కితే ఎవరికి ఎలా చెప్పుకోవాలో రాస్తాం.

అందాకా సెలవు. కాళ్లు ఇంకా నొస్తున్నాయి.