తల్లి వేలిముద్ర లేకుంటే చదువు లేదా?

పద్దెనిమిదేళ్లు నిండితే ఓటెయ్యొచ్చు. సర్కారును గద్దె దించొచ్చు. కాని కాలేజీ ఫీజు కోసం దరఖాస్తు పెడితే మాత్రం అమ్మ ఏది, నాన్న ఏడి అంటారు. అమ్మానాన్నల అండ లేని విద్యార్థి ఎవరి బిడ్డ? పాలకులను మనం నిలదీసి అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఎచ్చెర్లకు 2008లో అంబేద్కర్ యూనివర్సిటీ వచ్చింది. తర్వాత ఎస్.ఎం.పురానికి ట్రిపుల్ ఐటీ వచ్చింది. గేటు దాకా వచ్చిన మన గుంటలు గేటు లోపల నిలబడే దారి మాత్రం రాలేదు.

హాస్టలు ఖర్చుల కోసం వసతి దీవెనను 2020 ఫిబ్రవరిలో మన విజయనగరంలోనే మొదలుపెట్టారు. డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి రూ.20 వేలు అన్నారు. సొమ్ము తల్లి ఖాతాలో వేశారు. విద్యా దీవెన ఫీజునూ తల్లి ఖాతాకే మళ్లించారు. కాలేజీల యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2021లో హైకోర్టు కాదంది. 2023లో తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఫీజు తిరిగి కాలేజీలకే అంది. తల్లి ఖాతానా, కాలేజీ ఖాతానా అని ఇన్నేళ్లు కొట్లాడుకున్నారు. తల్లే లేని బిడ్డ సంగతి ఆ కొట్లాటలో ఎవరికి పట్టింది?

తల్లి చనిపోతే తండ్రి, ఇద్దరూ లేకుంటే సంరక్షకుడు అంటారు. సరే, చనిపోతే మరణ ధ్రువపత్రమైనా ఉంటుంది. బతికుండీ లేని తండ్రికి ఏ పత్రం తేవాలి? తండ్రి వేరే సంసారం పెట్టుకొని పోతాడు. పైసా పంపడు. కార్డులో మాత్రం పేరుంటుంది. ఆయన సర్కారు ఉద్యోగి అయితే ఆ కుటుంబం అనర్హం! ఇంటి నుంచి గెంటేసిన ఆడపిల్లకు ఆ ఇంటి ఆదాయమే అడ్డు! ఇదేం లెక్క?

మన జిల్లా బతుకు తెలిసినవాళ్లు ఇలాంటి నిబంధన రాయరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు పిల్లల చదువు పూర్తికాకముందే తల్లిదండ్రులను ఎత్తుకుపోతోంది. పొట్ట చేతపట్టుకొని విశాఖ, హైదరాబాద్, చెన్నై వలసపోయినవాళ్లు ఊళ్లూళ్లా ఉన్నారు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో పడ్డవాళ్లలో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం మత్స్యకారులున్నారు. 2020 జనవరిలో గాని 20 మంది వాఘా దాటి రాలేదు. కరాచీ జైల్లో ఉన్న తండ్రి చేత సంతకం ఎవరు పెట్టిస్తారు?

బ్యాంకు రుణం తీసుకోమని సలహా చెప్పేవాళ్లున్నారు. విద్యారుణంలోనూ తల్లో తండ్రో సహరుణగ్రహీతగా ఉండాలంటారు. సంరక్షణ గృహాల్లో పెరిగి 18 ఏళ్లకు బయటికొచ్చే పిల్లలకు సాయం చేయొచ్చని 2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. మరి అమ్మమ్మ ఇంట్లో గంజి తాగి పెరిగినవాడి మాటేమిటి?

ఇది తీరని చిక్కేమీ కాదు. అమెరికాలో ఫెడరల్ సాయానికి 24 ఏళ్లలోపు విద్యార్థిని మామూలుగా తల్లిదండ్రుల ఆదాయమే అడుగుతారు. కాని అనాథలను, కోర్టు సంరక్షణలో పెరిగినవాళ్లను స్వతంత్రులుగా లెక్కిస్తారు. తల్లిదండ్రులు వదిలేసిన విద్యార్థి ఆధారాలు చూపితే కాలేజీలోని అధికారే ఆ వివరాలు లేకుండా సాయం ఇప్పించొచ్చు. అక్కడ నిర్ణయించే మనిషి ఉన్నాడు. ఇక్కడ కంప్యూటర్ కాదందని చెప్పే మనుషులే ఉన్నారు.

ఉద్యోగ మిత్రులారా! ఆ కౌంటర్ల వెనక కూర్చున్నది మీరే. నిబంధన మీరు రాయలేదు, మాకు తెలుసు. కాని విచారణకెళ్లి ఉన్నదున్నట్టు నివేదిక రాయడం మీ చేతిలో ఉంది. 'రేపు రా' అన్న మాటకు ఒక గుంటడి ఏడాది పోతుంది.

మనం కోరేది ఇంతే. తల్లిదండ్రుల అండ లేదని విచారణలో తేలిన విద్యార్థిని వేరే కుటుంబంగా గుర్తించాలి. హాస్టలు సొమ్ము అతని సొంత ఖాతాలోనే వేయాలి. నిర్ణయించే అధికారం ఎచ్చెర్లలోనే ఒక అధికారికి ఇచ్చి గడువు పెట్టాలి. అప్పటిదాకా ఫీజు బకాయని హాల్‌టికెట్, టీసీ ఆపకూడదు.

విద్యార్థి మిత్రులారా! మీ తరగతిలో ఇలాంటివాళ్లు నోరు విప్పరు. సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు. పక్కన నిలబడండి, దరఖాస్తు రాయించండి, కలెక్టరేట్ దాకా కలిసి నడవండి.