రాజీ వేరు, న్యాయం వేరు: మన క్యాంపస్‌లకు ఎలాంటి పెద్దమనుషులు కావాలి?

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మన హాస్టళ్లలో గొడవైతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. మెస్ లైన్‌లో ఒకడు "మీకేందిరా, మార్కులు రాకున్నా సీట్లొస్తయ్" అంటాడు. మనోడు ఎదురు తిరుగుతాడు. మాటా మాటా పెరుగుతుంది. వార్డెన్ ఇద్దర్నీ రూముకి పిలిచి, "చదువుకోడానికొచ్చిన్రా, కొట్లాడుకోడానికొచ్చిన్రా? చేతులు కలుపుకోండి, సంతకాలు పెట్టి పోండి" అంటారు. అంతే, ఫైల్ క్లోజ్. అన్నోడు మర్నాటికే మర్చిపోతాడు. పడ్డోడు మాత్రం ఆ రోజు నుంచి అందరూ తిని వెళ్లాకే మెస్‌కు పోతాడు. మాలో కొందరం అట్లా ఆలస్యంగా పోయి చల్లారిన అన్నం తిన్నవాళ్లమే.

దీన్ని రాజీ అంటారు. న్యాయం అనరు.

ఇంకో దారి కంప్లైంట్. కమిటీ వేస్తారు, నెలలు గడుస్తాయి. ఒకవేళ సస్పెండ్ చేసినా, "వాడి లైఫ్ పాడు చేసిండు" అని నింద మన మీదకే వస్తుంది. ఈ రెండు దారుల్లోనూ "నీకేం నష్టం జరిగింది, ఏం చేస్తే నీ మనసు కుదుటపడుతుంది?" అని మనోడిని అడిగినవాళ్లు లేరు.

ఆ ప్రశ్న అడగడమే పనిగా పెట్టుకున్నవాళ్లు కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, సోషల్ వర్క్ విభాగం కింద, ప్రొఫెసర్ మార్క్ అంబ్రైట్ రెస్టోరేటివ్ జస్టిస్, పీస్‌మేకింగ్ కేంద్రాన్ని స్థాపించారు. తప్పు చేసినవాళ్లనీ, దెబ్బతిన్నవాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిని ఆయన దశాబ్దాలుగా పరిశోధించారు, నేర్పారు. ఆ పద్ధతిలో కూర్చోబెట్టడం చివరి మెట్టు. అంతకుముందే మధ్యవర్తి ఇద్దర్నీ విడివిడిగా కలిసి వింటారు. దెబ్బతిన్న మనిషి ఇష్టపడితేనే ముందుకు పోతారు. తప్పు చేసిన మనిషి ముందు తన పనిని ఒప్పుకోవాలి. కూర్చున్నాక మధ్యవర్తి తక్కువ మాట్లాడతారు, వాళ్లిద్దరే మాట్లాడుకుంటారు. వార్డెన్ రూములో ఐదు నిమిషాల్లో అయిపోయే పనికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

ఇదేదో విదేశీ ఐడియా అనుకోకండి. దీని వేళ్లు చాలావరకు ఆదివాసీ నేలలోనే ఉన్నాయి. అమెరికాలో నవాహో తెగ 1982లో తమ కోర్టుల్లో పీస్‌మేకర్ కోర్టు పెట్టుకుంది. న్యూజిలాండ్ 1989లో తెచ్చిన పిల్లల చట్టం, కుటుంబమంతా కూర్చుని మాట్లాడే మావోరీల పద్ధతి నుంచి నేర్చుకుంది. మన దగ్గర ఆదిలాబాద్ గోండుల రాయి సెంటర్లున్నాయి, తండాల్లో నాయక్, కారోబారి పంచాయితీలున్నాయి. 1996 పెసా చట్టం కూడా వివాదాలు తీర్చుకునే మన ఆచార పద్ధతులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని చెప్పింది. మన తాతలు చెట్టు కింద చేసిన పనిని ఇప్పుడు ఎమ్మేలో పాఠంగా చదువుతున్నారు.

అట్లని మన పంచాయితీలన్నీ బంగారం అనడం లేదు. ఆడవాళ్లను పక్కన కూర్చోనివ్వని పంచాయితీలు మనం చూశాం. జరిమానా సొమ్ము కల్లుకు పోయిన పంచాయితీలూ చూశాం. అందరి మాటా వినడం మన పద్ధతిలో గొప్ప సంగతి. వినని చోట అది ఉత్త పెత్తనమే.

ఇంకో భయం కూడా ఉంది, దాచుకోకుండా చెప్తున్నాం. రేపు ఏ క్యాంపస్‌లోనైనా "శాంతి సర్కిల్" అని పేరు పెట్టి అట్రాసిటీ కేసులను మాఫీ చేయించొచ్చు. 1989 చట్టం కిందికి వచ్చే నేరం, ఆడపిల్లల మీద లైంగిక దాడి, ఇవి హాస్టల్లో మాట్లాడి తేల్చేవి కావు. మార్కులు చేతిలో ఉన్న ప్రొఫెసర్ ముందు స్టూడెంట్‌ను కూర్చోబెట్టి "మనసు విప్పి చెప్పు" అంటే అది సమానుల మాట కాదు. కంప్లైంట్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి.

పైగా విశ్వవిద్యాలయం కూడా జవాబు చెప్పాల్సిన పక్షమే. అదే మిన్నెసోటా విశ్వవిద్యాలయం తెగల భూముల వల్ల ఎట్లా లాభపడిందో 2023లో వచ్చిన ట్రూత్ ప్రాజెక్ట్ నివేదిక లెక్కలతో బయటపెట్టింది. ఆ పనిలో తెగలు కూడా భాగమయ్యాయి. స్టూడెంట్ల మధ్య శాంతి నేర్పే సంస్థ తన తప్పు తానూ వినాలి.

అందుకే మేము అడిగేవి ఇవి. ప్రతి క్యాంపస్‌లో వార్డెన్‌తో సంబంధం లేని, శిక్షణ పొందిన మధ్యవర్తులు ఉండాలి. వాళ్లలో మనవాళ్లూ, ఆడవాళ్లూ ఉండాలి. యూజీసీ 2012లోనే సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని నిబంధన పెట్టింది. మీ కాలేజీలో ఆ అధికారి పేరు మీకు తెలుసా? తెలియకపోతే రేపే అడగండి.

ఈసారి ఎవరైనా మిమ్మల్ని రూముకి పిలిచి సంతకం పెట్టమంటే తొందరపడకండి. "అతను ఏం తప్పు చేసిండో ఈ కాగితంలో రాసుందా సార్?" అని అడగండి. రాయకపోతే అది రాజీ కాగితమే. దాని మీద పెన్ను పెట్టకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ముందు మాకు ఒక ఫోన్ చేయండి.