సేవ వద్దు, ఫీజు తీసుకోండి

ఆర్కిటెక్టులు సమాజసేవ చేయాలని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు మా కల్లూరు ఇల్లు గుర్తొస్తుంది. హంద్రీ పక్కన, ఇప్పుడు కర్నూలు కార్పొరేషన్‌లో కలిసిపోయిన ఊరు. ఆరేళ్ల కిందట పాత మట్టిమిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టాం. హైదరాబాదు ఆర్కిటెక్టు ఒకాయన ప్లాను గీశాడు. ఎలివేషన్ ఎలా ఉండాలి, కారు ఎక్కడ పెడతారు అని నాతో నాలుగుసార్లు వీడియో కాల్‌లో మాట్లాడాడు. ఆ ఇంట్లో ఉండబోయేది మా అమ్మ. ఆమెను ఒక్క ముక్క అడగలేదు. నేనూ అడగమనలేదు, తప్పులో సగం నాది.

బేల్దారి మాత్రం మొదటిరోజే చెప్పాడు: "పడమర దిక్కు అంత అద్దం పెడ్తే ఎండాకాలం లోపల ఉండేకి కాదు సార్." నేను "డ్రాయింగ్‌లో ఉన్నట్టు చెయ్యప్పా" అన్నాను. ఇప్పుడు మే నెల వస్తే అమ్మ ఆ అద్దానికి దుప్పటి కట్టి, మధ్యాహ్నాలు మెట్ల కింద పడుకుంటుంది.

మట్టిమిద్దె మీద బెంగతో రాస్తున్నాననుకోకండి. ఏటా వానలకు ముందు పైన చవుడు పోయించుకోవాలి. గవాచిలోంచి వెలుతురు వచ్చేది, వానా వచ్చేది. తేళ్లు సరేసరి. గోడలు అలికి అలికి మా అవ్వ నడుం పోయింది. పాత ఇళ్ల చల్లదనం మీద కవిత్వం రాసేవాళ్లు ఒక్క ముసురు ఆ కప్పు కింద గడపాలి. నా గొడవ ఇంటి గురించి కాదు, ఎవరి మాటకు విలువ ఉందనే దాని గురించి.

బేల్దారి మాట నేను వినకపోవడానికి కారణం ఒక్కటే, ఆయన పేరు పక్కన ఆర్కిటెక్టు అని లేదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది కూడా ఆ బిరుదునే. డిజైన్ పని మిగతావాళ్లు చేయకూడదని చట్టం అనలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ బిరుదు మా పిల్లలకు ఎంత సులువుగా దొరుకుతోందో కడపలో చూశాం. 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చేరిన విద్యార్థులు కౌన్సిల్ గుర్తింపు కోసం రోడ్డెక్కాల్సొచ్చింది. రిజర్వేషన్లున్నాయి కదా అంటారు. సీటు సంగతి సరే. అయిదేళ్ల చదువు, లాప్‌టాప్, మోడళ్ల ఖర్చు, ఆ తర్వాత చాలీచాలని స్టైపెండుతో పెద్ద నగరంలో ట్రైనింగు. రాళ్లు కొట్టే వడ్డెరల ఇంటి అమ్మాయి ఇందులో ఎన్నో మెట్టు దగ్గర ఆగిపోతుందో ఈ వృత్తి ఎప్పుడైనా లెక్క చూసుకుందా?

2020 డిసెంబరు 25న రాష్ట్రంలో ఇళ్లపట్టాల పంపిణీ మొదలైంది. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటు అంటే 48.4 గజాలు. అందులో 340 చదరపు అడుగుల నమూనా ఇల్లు. తలుపు ఒక్క అడుగు పక్కకి జరిగితే మంచం పట్టదు. ఆర్కిటెక్టు అవసరం నిజంగా ఎవరికైనా ఉందంటే ఈ ఇంటికే. పట్టా ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు, మరి ప్లాను? అమరావతికి నార్మన్ ఫోస్టర్ కంపెనీ బొమ్మలు గీస్తే మనమందరం ఫేస్‌బుక్‌లో విమర్శకులమయ్యాం, నాతో సహా. సెంటు ఇంటి ప్లాను మీద మనలో ఒక్కరూ వ్యాసం రాయలేదు.

ఇదేమీ జరగని పని కాదు. ఇండోర్‌లో అరణ్య కాలనీకి దోషి పునాది, మరుగుదొడ్డి, నీళ్ల కనెక్షన్ ఇచ్చి, మిగతా ఇల్లు జనం తమకు చేతనైనప్పుడు కట్టుకునేలా ప్లాను వేశాడు. ఎలా పెంచుకోవచ్చో చూపడానికి 80 ఇళ్లు కట్టాడు. అది ఆదివారం సేవ కాదు, ఆఫీసు పనే. 2018లో ఆయనకు ప్రిట్జ్‌కర్ ఇచ్చారు.

సేవ అన్నాక చేసేవాడి తీరికే ముహూర్తం. స్కూలు గోడకు రంగులేసి, ఫోటో దిగి వెళ్లిపోతాడు. ఊరికే చేసినవాడిని ఎవరు నిలదీస్తారు? అందుకే ఫీజు తీసుకోమంటున్నాను. ఇంటి ఖర్చులో ప్లాను ఫీజుకి ప్రభుత్వం డబ్బు కేటాయించాలి. ఆర్కిటెక్టు వచ్చి పట్టాదారు పక్కన కూర్చోవాలి. ఆమె బాగాలేదంటే మళ్లీ గీయాలి. బేల్దారి పేరు కూడా ప్లాను మీద ఉండాలి.

మొన్న పడమర అద్దం తీసేయించడానికి అదే బేల్దారిని పిలిచాను. వస్తూనే అమ్మను అడిగాడు, "బియ్యం యాడ కూచోని ఏరుకుంటావుమా?" అని. ఆమె చూపించిన చోట సుద్దముక్కతో నేల మీద గీత గీశాడు. ప్లానుకి ఎంతిమ్మంటావని అడిగాను. నవ్వాడు.

"ప్లానుకి దుడ్లేంది సార్! కూలి ఇయ్యి చాలు."