పేరు లండన్‌ది, పుట్టుక కొల్లూరుది

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఒక గాజు పెట్టె చుట్టూ రోజూ జనం మూగుతారు. లోపల ఉన్నది 45.52 కేరట్ల నీలి వజ్రం. పేరు హోప్. ఆ పేరులో ఆశ ఏమీ లేదు. 1839 నాటికి దాని యజమానిగా ఉన్న లండన్ సంపన్నుడు హెన్రీ ఫిలిప్ హోప్ ఇంటిపేరది. రాయి పుట్టింది మాత్రం కృష్ణా తీరాన, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనుల్లోనే అయి ఉంటుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

ఆ కొల్లూరును చూద్దామన్నా ఇప్పుడు కుదరదు. 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో అదీ ఒకటి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ మాత్రం అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. 12, 14 అడుగులు దిగేసరికి నీరు పడేది. ఓ పేదవాడు పంట వేసుకుందామని నేల తవ్వుతుంటే 25 కేరట్ల రాయి బయటపడిందని, గనుల కథ అలా మొదలైందని కూడా ఆయనే చెప్పాడు. స్థానికులు ఆ చోటును 'గని' అంటారని ఊరిపేరులా రాసుకున్నాడు. మనవాళ్లు గనిని గని అన్నారు, అంతే.

టావెర్నియర్ పట్టుకెళ్లిన నీలి రాయి దాదాపు 115 కేరట్లు. దాన్ని ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కొని, 1673లో మళ్లీ సానపట్టిస్తే 69 కేరట్లకు దిగింది. 1792లో, విప్లవపు గందరగోళంలో దొంగలపాలైంది. ఇరవై ఏళ్లకు, అంటే ఫ్రాన్స్‌లో ఆ నేరానికి కాలపరిమితి తీరగానే, లండన్‌లో ఇంకా చిన్నదై ఒక నీలి వజ్రం తేలింది. ఆ రెండూ ఒకటేననడానికి 2007లో పారిస్ మ్యూజియంలో దొరికిన సీసపు అచ్చు గట్టి సాక్ష్యమైంది.

నీలి రంగుకు కారణం బోరాన్. లక్షల కార్బన్ పరమాణువుల మధ్య ఒకటీ అరా బోరాన్ పరమాణువులు చేరితే చాలు, వజ్రం ఎరుపు కాంతిని పీల్చుకుని నీలంగా కనిపిస్తుంది. కొంత విద్యుత్తును కూడా ప్రవహింపజేస్తుంది. అతినీలలోహిత కాంతి పడేసి ఆర్పేస్తే హోప్ వజ్రం కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. ఇలాంటి వజ్రాలు 660 కిలోమీటర్లకు పైగా లోతులో పుడతాయని 2018లో వెలువడిన ఒక అధ్యయనం సూచించింది.

జాతకాలవాళ్లు శనికి చెప్పే నీలం వేరు, ఇది వేరు. ఆ నీలం అందరికీ అచ్చిరాదన్న నమ్మకం మాత్రం ఈ రాయి కథలకూ పాకినట్టుంది. సీతమ్మ విగ్రహం నుంచి టావెర్నియర్ దీన్ని పెకలించాడని, అందుకే శాపం తగిలి కుక్కల వాతపడి చచ్చాడని ప్రచారం. నిజానికి ఆయన ఎనభై దాటాక 1689లో మాస్కోలో కన్నుమూశాడు. ఈ రాయి విషయంలో విగ్రహం ఊసే ఆయన రాతల్లో లేదు. శాపం 20వ శతాబ్దపు తొలినాళ్లలో పాశ్చాత్య పత్రికల్లో బలిసింది. నగల వ్యాపారి పియర్ కార్టియర్ ఆ కథ చెప్పే 1911లో అమెరికన్ సంపన్నురాలు ఎవలిన్ వాల్ష్ మెక్‌లీన్‌కు వజ్రాన్ని అమ్మాడు. శాపగ్రస్తుల జాబితాలో రాజులు, రాణులు, కోటీశ్వరులు కనిపిస్తారు. గనుల్లో మట్టి మోసినవాళ్ల కష్టసుఖాలతో ఆ కథలకు పనిలేదు.

న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ 1949లో దీన్ని కొన్నాడు. శాపం గీపం పట్టించుకోకుండా ఊరూరా ప్రదర్శించి, 1958 నవంబరులో స్మిత్సోనియన్‌కు ఇచ్చేశాడు. పంపింది రిజిస్టర్డ్ పోస్టులో.