దంతములకు మూడవ జన్మము

దంతమునకు ద్విజమని సంస్కృతమున నొక పేరు గలదు. రెండుమారులు పుట్టునది గనుక ఆ పేరు వచ్చినది. ఇపుడు వైద్యశాస్త్రము దానికి మూడవ జన్మమును గూడ ప్రసాదించినది. మన పట్టణములలో దంతవైద్యశాల లున్న ప్రతి వీథిని 'ఇంప్లాంటు' అను బోర్డు కానవచ్చుచున్నది. ఈ విద్య మంచిదని మేము ముందుగనే యొప్పుకొనుచున్నాము. దాని విక్రయవిధానమును గూర్చియే మా యాక్షేపణ.

1952లో స్వీడను దేశీయుడగు బ్రోనెమార్కు కుందేలు కాలియెముకలో టైటానియపు పరికరము నొకదాని నమర్చి రక్తప్రసారమును పరిశీలించెను. పని ముగిసినపిదప తీయబోగా నది రాలేదు. ఎముక దానిని తనలో గలుపుకొనెను. 1965లో గోటెన్‌బర్గు నగరమున మొదటి రోగి దవడలో టైటానియపు మరమేకులు బిగింపబడెను. 2006లో నాతడు మరణించువరకు నవి పనిచేసినవి. కట్టుడుపండ్లు నమలునపుడు కదలును. బ్రిడ్జి కట్టవలెనన్న నిరుప్రక్కల నున్న మంచి పండ్లను అరుగదీయవలెను. ఈ మేకు పొరుగుపండ్ల జోలికి పోదు.

అయితే ఎముక మేకును గట్టిగ బట్టుటకు సాధారణముగ మూడు మొదలు ఆరు మాసములు పట్టును. మూడు దినములలో నోరు నింపెదమను ప్రకటనలు వెలువడుచున్నవి. ఎముక దృఢముగా నున్న కొందరికది సాధ్యమే. చుట్ట త్రాగువారికి, మధుమేహము అదుపున లేనివారికి, చిగుళ్లు చెడినవారికి నది సాహసము. మేకు చుట్టును చిగురు వాచి, చీముపట్టి, ఎముక కరగినచో సొమ్ముతోబాటు దవడయు క్షీణించును. ఈ మాట ప్రకటనలలో చిన్నయక్షరములనైన నరుదుగా గానవచ్చును.

ఇక వెల సంగతి. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము గుండె రక్తనాళములలో నుంచు స్టెంటులకు గరిష్ఠధర నిర్ణయించెను. మందు పూసిన స్టెంటునకు 29,600 రూపాయలు. ఆ యేడే ఆగస్టులో కృత్రిమ మోకాళ్లకును నిర్ణయించెను. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్యోపకరణము లన్నియు ఔషధముల చట్టము క్రిందికి వచ్చినవి. అయినను పంటిమేకునకు గరిష్ఠధర విధింపబడలేదు. ఒక్క పంటికి వేలకొలది రూపాయలు చెల్లించు గృహస్థునకు మేకెంత, పైతొడుగెంత, వైద్యుని ప్రతిఫలమెంత యని విడదీసి చెప్పువా రెందరు? నైపుణ్యమునకు వెల గలదని దంతవైద్యు లందురు. నిజమే. స్టెంటు వెల వేరు, వైద్యుని ప్రతిఫలము వేరు అని గుండె విషయమున విడదీయగలిగినపుడు పంటి విషయమున నేల విడదీయరాదు?

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి యని మనవారి సామెత. నాటించుకొనుటకు మాత్ర మే మేకైనను చాలదు. ఒక్కొక్క కంపెనీ మర యొక్కొక్క తీరున నుండును. గుంటూరున బిగించినది పదేండ్లకు హైదరాబాదున వదులైనచో, కంపెనీ పేరును కొలతయు దెలియక యచ్చటి వైద్యుడు చేతు లెత్తివేయును. కావున మేకునకు గరిష్ఠధర నిర్ణయింపవలెననియు, కంపెనీ పేరు, కొలత, తయారీ సంఖ్య గల పత్రమును ప్రతి రోగి చేతి కీయవలెననియు మేము ప్రభుత్వమును కోరుచున్నాము. ఆ పత్రము చేతబడువరకు పాఠకులు పూర్తి సొమ్ము చెల్లింపకుందురుగాక.