ఇవ్వడం వేరు, వదిలేయడం వేరు

గుంటూరు నుండి ఒక సోదరి ఈ నెల మాకు ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు. వివాహమైన 6 సంవత్సరాలకు అల్లాహ్ ఆమెకు సంతాన భాగ్యం అనుగ్రహించాడు. ఇప్పుడు 7వ నెల. వారి మూడో అంతస్తు ఇంట్లో 4 సంవత్సరాలుగా 2 పిల్లులు పెరుగుతున్నాయి. పసిబిడ్డ ఉండే ఇంట్లో పిల్లులు ఉండకూడదని అత్తగారు పట్టుబడుతున్నారు. చేపల మార్కెట్టు దగ్గర వదిలితే వాటి తిండి అవే వెతుక్కుంటాయని, పోషించేవాడు అల్లాహ్ అని భర్త అంటున్నారు. వచ్చే నెల ఆమె కాన్పుకు పుట్టింటికి వెళ్ళాలి. తాను గడప దాటగానే వాటిని సంచిలో వేసి తీసుకుపోతారేమోనన్నది ఆమె భయం. "బిడ్డ కోసం ఏడ్చిన రోజుల్లో నా ఒడిలో ఉన్నవి అవే. పంపితే పాపమా? ఉంచితే బిడ్డకు అన్యాయమా?" అని అడిగారు.

పిల్లుల విషయం కూడా ధార్మిక ప్రశ్నేనా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మన చేతికింద బ్రతికే ప్రాణి ఏదైనా అది మన వద్ద ఉన్న అమానతు. అమానతు గురించి ప్రశ్న ఉంటుంది. కనుక ఈ సోదరి అడిగినది చిన్న విషయం కాదు.

పిల్లి అపవిత్రమా?

హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారి ఇంట జరిగిన ఒక సంఘటన అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది. ఇదీ ఒక అత్తవారింటి ముచ్చటే. ఆయన వుజూ కోసం కోడలు కబ్షా గారు నీళ్ళు పెట్టారు. ఇంతలో ఒక పిల్లి వచ్చి ఆ నీళ్ళు తాగబోయింది. ఆయన దానిని అదిలించలేదు. అది సులభంగా తాగేందుకు వీలుగా పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంతో చూడడం గమనించి, పిల్లి అపవిత్రమైనది కాదని, అది మీ ఇళ్ళలో మీ చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన విషయాన్ని ఆమెకు తెలిపారు. హనఫీ ధర్మవేత్తలలో కొందరు వేరే నీళ్ళు ఉన్నప్పుడు పిల్లి తాగగా మిగిలిన నీటితో వుజూ చేయకపోవడం మేలన్నారు. అంతేగాని ఆ నీరు అపవిత్రమని అనలేదు. పిల్లి మలమూత్రాలు మాత్రం నిస్సందేహంగా అపవిత్రమైనవే. నమాజు చోటును, బిడ్డ పక్కను వాటి నుండి కాపాడుకోవాలి.

ఇక పిల్లి ఎదురైతే కీడని, పురిటింట్లో ఉంటే అశుభమని అనుకోవడం మన చుట్టూ ఉన్న సమాజం నుండి మన ఇళ్ళలోకి వచ్చిన నమ్మకం. శకునాలను పట్టించుకోవడాన్ని ఇస్లాం తిరస్కరించింది. పిల్లి పసిబిడ్డ ఊపిరి పీల్చేస్తుందన్న మాటా నిజం కాదు. అయితే ఆ మాట వెనుక నిజమైన జాగ్రత్త ఒకటి ఉన్నది. పిల్లి వెచ్చదనం కోరుతుంది. నిద్రిస్తున్న శిశువు ముఖం పక్కన ముడుచుకొని పడుకుంటే బిడ్డకు గాలి ఆడకపోవచ్చు. అత్తగారి భయాన్ని మూఢత్వమని కొట్టివేయకండి. మనవడో మనవరాలో రానున్నదన్న ప్రేమ నుండి పుట్టిన భయమది. అందులోని నిజాన్ని స్వీకరించి, మిగిలినది మృదువుగా విడమరచి చెప్పండి.

వైద్యులు చెప్పేది

గర్భిణుల విషయంలో వైద్యులు హెచ్చరించేది ముఖ్యంగా టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి గురించి. గర్భంతో ఉన్నప్పుడు అది తొలిసారిగా సోకితే కడుపులోని బిడ్డకు హాని కలగవచ్చు. అది పిల్లిని తాకినంత మాత్రాన వచ్చేది కాదు. సోకిన పిల్లి మలంలో ఉంటుంది. బయటపడ్డాక ఇతరులకు సోకే స్థితికి రావడానికి దానికి 1 నుండి 5 రోజులు పడుతుంది. కనుక లిట్టర్ బాక్సును ప్రతిరోజూ శుభ్రం చేయాలి. ఆ పని గర్భిణి కాక ఇంట్లో మరొకరు చేయాలి. ఇల్లు దాటకుండా, పచ్చి మాంసం తినకుండా పెరిగిన పిల్లికి ఈ సూక్ష్మజీవి సోకే అవకాశం తక్కువ.

ఇక్కడ మన ఇళ్ళు గమనించవలసిన విషయం ఒకటున్నది. సరిగా ఉడకని మాంసం ద్వారా, కడగని కూరగాయల ద్వారా కూడా ఇదే సూక్ష్మజీవి మనిషికి సోకుతుంది. పిల్లిని వెళ్ళగొట్టాలని తొందరపడే ఇంట్లోనే బఖ్రీద్ రోజున గర్భిణి కోడలు గంటల తరబడి పచ్చి మాంసం కోస్తూ కూర్చుంటుంది. బిడ్డ క్షేమమే మన ఉద్దేశమైతే ఆ కత్తిపీట ముందు నుండి కూడా ఆమెను లేపాలి.

బిడ్డ పుట్టిన తరువాత పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. శిశువు నిద్రించే గదిలోకి పిల్లిని రానివ్వరాదు. ఆ అలవాటు కాన్పుకు ముందే చేయాలి. బిడ్డను, పిల్లిని ఒంటరిగా ఒకచోట విడువరాదు. రేబిస్ టీకా సకాలంలో వేయించాలి. గోరు గీరుకున్నా, పన్ను దిగినా ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇవి పాటించగల ఇంట్లో బిడ్డా, పిల్లీ కలిసి పెరగవచ్చు. పాటించలేని ఇల్లైతే, లేదా బిడ్డకు ఉబ్బసమో అలర్జీయో ఉన్నదని వైద్యుడు చెబితే, పిల్లిని మరొకరికి ఇవ్వడమే సరైనది. అందులో పాపం లేదు. బిడ్డ హక్కు ముందు.

ఆ హదీసు ఏమి చెబుతున్నది?

ఇక భర్తగారి మాట. ఒక పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేలపై తిరిగే పురుగూ పుట్రా తినేందుకు విడిచిపెట్టక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. దీన్ని చూపి, బంధించడమే పాపం, విడిచిపెట్టడం కాదని కొందరు వాదిస్తారు. కాని ఆ హదీసు సారాన్ని గమనించండి. ఆ స్త్రీ నేరం తాడు కాదు. ఆ ప్రాణి పొట్ట నిండే రెండు దారులనూ మూసివేయడం. తానూ పెట్టలేదు, అది సంపాదించుకునే వీలూ ఇవ్వలేదు. వేటాడి బ్రతకగల పిల్లికి తలుపు తెరవడం నిజంగా దారి తెరవడమే. కాని కళ్ళు తెరిచినప్పటి నుండి పళ్ళెంలో తిన్న పిల్లిని, ఎలుకను ఎన్నడూ పట్టని పిల్లిని, తెలియని వీధిలో కుక్కల మధ్య వదిలితే దానికి ఏ దారి తెరిచినట్లు? తాడు లేదు గాని ఆకలి అదే. పోషకుడు అల్లాహ్ అన్నది సత్యం. ఆ ఆహారాన్ని ఆయన ఇన్నాళ్ళూ మీ చేతుల మీదుగానే పంపాడు. ఆ చేతులు తప్పుకునే ముందు మరో జత చేతులను చూపించాలి.

ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా వదిలివేయడం మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే.

పంపవలసి వస్తే

కాన్పు దాకా ఆగకండి. కనీసం ఒక నెల ముందుగా వెతకండి. పిల్లి కావాలని బిడ్డలు మారాం చేసే ఇంటికన్నా, పిల్లిని పెంచిన అనుభవం ఉన్న పెద్దవారి ఇల్లు మేలు. దాని అలవాట్లు, జబ్బులు దాచకుండా చెప్పండి. 2 పిల్లులూ కలిసి పెరిగినవి గనుక వీలైతే ఒకే ఇంటికి ఇవ్వండి. వాటి గిన్నె, వాటి వాసన ఉన్న గుడ్డ, టీకాల పుస్తకం వెంట పంపండి. మొదటి కొన్ని వారాలు బయటికి విడువవద్దని చెప్పండి, లేకుంటే పాత ఇంటిని వెతుక్కుంటూ తప్పిపోతాయి. కుదరకపోతే తిరిగి తీసుకుంటామని మాట ఇవ్వండి. వెల తీసుకోవద్దు. పిల్లిని అమ్మడాన్ని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు అనుమతించినప్పటికీ, దాని వెల పట్ల అయిష్టాన్ని తెలిపే ఉల్లేఖనం హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా సహీహ్ ముస్లింలో ఉన్నది. ఉచితంగా ఇవ్వడంలోనే మనశ్శాంతి.

భర్తకు ఒక మాట

సోదరా, మీ భార్య పుట్టింట ఉండే రోజుల్లో ఆ ఇంటికి, అందులోని ప్రాణులకు మీరే సంరక్షకులు. ఆమె లేనప్పుడు వాటిని వదిలివచ్చి, ఎటో పారిపోయాయని ఫోనులో చెబితే అది అమానతులో ద్రోహం, పైగా అబద్ధం. పురిటి మంచంలో ఉన్న స్త్రీకి ఆ వార్త ఎంత బరువో ఆలోచించండి. ఉంచాలన్నా, ఇవ్వాలన్నా ఆమె ప్రయాణానికి ముందే తల్లిగారినీ కూర్చోబెట్టుకొని ముగ్గురూ కలిసి నిర్ణయించండి. ఉంచాలని నిర్ణయిస్తే తిండి, లిట్టర్ బాక్సు శుభ్రం మీ బాధ్యత. రోజుకు పావుగంట పని.

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఇది. మంచి ఇంటికి ఇస్తే పాపం లేదు. జాగ్రత్తలతో ఉంచుకుంటే బిడ్డకు అన్యాయం లేదు. వీధిలో వదలడం మాత్రం తగదు. కష్టకాలంలో తోడున్న ప్రాణుల కోసం మీరు కార్చే కన్నీరు బలహీనత కాదు. కరుణ చూపేవారిని కరుణామయుడు కరుణిస్తాడు. అల్లాహ్ మీకు సుఖప్రసవాన్ని, ఆరోగ్యవంతమైన సంతానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.