మరోదాలో ఇల్లు ఎవరిది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం ఎన్‌ఫోర్స్‌మెంట్ సిబ్బంది పోలీసులను వెంటబెట్టుకుని క్వార్టర్ల ముందు వాలడం, వంటపాత్రలతో సహా సామాను వీధిలో పెట్టించి తలుపుకు కొత్త తాళం వేయడం ఆ పట్టణవాసులు తరచుగా చూసే దృశ్యమే. ఒకసారి ఖుర్సీపార్ వంతు వస్తుంది, మరోసారి రిసాలీ వంతు, ఇంకోసారి మరోదా వంతు. అక్రమ ఆక్రమణలను తొలగిస్తున్నామని యాజమాన్యం చెబుతుంది, ఆ మాటలో నిజమూ ఉంటుంది. అయితే తొలగించిన తర్వాత ఆ ఇంటిని ఏం చేస్తారు, ఎవరికిస్తారు, బయటికి నెట్టిన కుటుంబం ఎక్కడ తలదాచుకోవాలి అన్న ప్రశ్నలకు ఒక్క చోట కూడా సమగ్రమైన జవాబు దొరకదు. ఒక ప్రభుత్వరంగ సంస్థ తానే కట్టిన ఊరికి గృహవిధానం లేకుండా తాళాలూ నోటీసులతో పాలన నడుపుతోంది. ఇది తీవ్రంగా తప్పుపట్టవలసిన విషయం.

భిలాయి మనకు పరాయి ఊరు కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జనం పని వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన చోటు అది. సెక్టర్లలోనూ, క్యాంపుల్లోనూ, ఖుర్సీపార్‌లోనూ తెలుగు వినిపిస్తుంది. సెక్టర్ 5లోని బాలాజీ ఆలయం, ఆంధ్ర సాహిత్య సమితి మూడు తరాల తెలుగువారికి కూడలి. 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్-విశాఖ వందేభారత్ రైలు ఎక్కేవారిలో తాతలనాటి ఊరికి పండుగకు వస్తున్న మనవలూ ఉన్నారు. వారి ఇళ్ల గోడు తెలుగు పత్రికలకు కూడా పట్టాలి.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన కర్మాగారమిది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తొంభైకి పైగా గ్రామాల భూమి దీనికోసం పోయింది. అప్పటి ప్రణాళికాకర్తలకు ఒక సంగతి స్పష్టంగా తెలుసు: కొలిమి దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషికి ఇల్లు, పిల్లలకు బడి, జబ్బు చేస్తే ఆసుపత్రి లేకపోతే ఉక్కు రాదు. అందుకే ఒక్కో సెక్టర్‌ను బడి, బజారు, మైదానం కలిసిన ఊరుగా గీశారు. మరోదా ఆ అల్లికలో దక్షిణపు కొస. దల్లీ-రాజహరా గనుల ఇనుప ఖనిజం వచ్చే రైలు మార్గంలో స్టేషన్, తాందులా కాలువ నీటిని ప్లాంటుకు నిల్వచేసే జలాశయాలు, పక్కనే రెండు దేశాల మైత్రికి గుర్తుగా పేరుపెట్టిన మైత్రీబాగ్. ఉద్యానం, నీరు, పట్టాలు, క్వార్టర్లు, వాటిని ఆనుకుని పాత పల్లె, బస్తీ. భిలాయి కథంతా ఈ కొద్దిపాటి జాగాలో కనిపిస్తుంది.

కర్మాగారం పెరిగింది. పది లక్షల టన్నులతో మొదలై 1980ల చివరికి నలభై లక్షల టన్నులకు చేరింది. 2018 జూన్ 14న ప్రధాని జాతికి అంకితం చేసిన ఆధునికీకరణతో సామర్థ్యం డెబ్బై లక్షల టన్నులకు విస్తరించింది. 130 మీటర్ల పొడవున అతుకు లేని రైలుపట్టాను తీసే మిల్లు అక్కడ ఉంది. కానీ ఈ కాలంలోనే పర్మనెంట్ ఉద్యోగి కరిగిపోయాడు. భిలాయి కర్మాగారం మాతృసంస్థ సెయిల్ మొత్తంలో ఒకప్పుడు రెండు లక్షలు దాటిన సిబ్బంది ఇప్పుడు అరవై వేలకు దిగువన ఉన్నారు. రిటైరైనవారి స్థానాలు భర్తీ కాలేదు. ఆ పనిని కాంట్రాక్టరు కింద, రోజుకూలీ లెక్కన, గేట్‌పాస్ మీద లోపలికి వెళ్లే కార్మికులు చేస్తున్నారు. పని ఆగలేదు, పనివాడి హోదా మారింది. అతడి హోదాతోనే ఇల్లూ పోయింది.

మరోదా గృహసమస్యకు మూలం ఇదే. క్వార్టర్ అలాట్‌మెంట్ నిబంధనలు పర్మనెంట్ ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. కాంట్రాక్టు కార్మికుడు ఇరవై ఏళ్లు అదే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసినా ఆ జాబితాలో ఉండడు. కాబట్టి అతడు బస్తీలో రేకుల గది అద్దెకు తీసుకుంటాడు, లేదా తాళం పగలగొట్టి క్వార్టర్‌ను అద్దెకిచ్చే దళారీకి డబ్బు కడతాడు. నోటీసు వచ్చినప్పుడు దళారీ కనిపించడు. వీధిన పడేది కార్మికుడి భార్యాపిల్లలు. అక్రమమంటూ వేలెత్తి చూపే సంస్థ, ఆ అక్రమానికి గిరాకీ ఎక్కడ పుట్టిందో కూడా ఆలోచించాలి. తన కొలిమిని నడిపే చేతులకు చట్టబద్ధంగా అద్దెకు దొరికే ఇల్లు లేనప్పుడే చట్టవిరుద్ధమైన బజారు తయారవుతుంది.

ఈ అన్యాయం గురించి భిలాయికి ఎవరూ చెప్పలేదని అనలేం. కాంట్రాక్టు కార్మికుల హక్కుల కోసం పోరాడిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయి హడ్కోలోని ఇంట్లో నిద్రలో ఉండగానే హత్యకు గురయ్యారు. ఆ మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ రైల్వేస్టేషన్ వద్ద పట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా పదహారు మంది కార్మికులు నేలకొరిగారు, ఒక పోలీసు అధికారీ చనిపోయారు. వారు ప్రధానంగా ప్రైవేటు కర్మాగారాల కార్మికులు. వారి కోరికలు బతకదగ్గ వేతనం, పని భద్రత, తొలగించినవారి పునర్నియామకం. ముప్ఫై ఏళ్లు దాటాయి. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జోనథన్ పారీ దశాబ్దాల పరిశోధన తర్వాత 2020లో వెలువరించిన గ్రంథం భిలాయిలోనే శ్రామికులు రెండు వర్గాలుగా చీలిపోయిన తీరును విప్పిచెప్పింది. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే ఇద్దరిలో ఒకరు షిఫ్టు దిగి క్వార్టర్‌కీ, ఒకరు బస్తీకీ వెళుతున్నారు. ప్రభుత్వరంగం పుట్టినప్పుడు ఈ దేశానికి ఇచ్చిన మాట ఇది కాదు.

రిటైరైనవారి పరిస్థితి వేరు, వారి బాధ మాత్రం అక్కడే మొదలవుతుంది. ముప్ఫై అయిదేళ్లు ఒకే ఊళ్లో గడిపిన మనిషికి చివరి పనిదినంతో ఆ ఇంటి మీద హక్కు ముగుస్తుంది. సొంత ఊళ్లో పొలం మిగలలేదు, పిల్లల బంధుత్వాలు ఇక్కడే కుదిరాయి, గుండెజబ్బుకు చూపించుకునేది సెక్టర్ 9 ఆసుపత్రిలోనే. 2001-03 మధ్య సెయిల్ దీర్ఘకాలిక లీజు పథకం తెచ్చి భిలాయిలో వేల ఇళ్లను ఉద్యోగులకు, మాజీ ఉద్యోగులకు ఇచ్చింది. ఆ తర్వాత దాన్ని ఆపేసింది. ఆ రెండేళ్ల కిటికీలో దూరగలిగినవారికి నీడ దక్కింది. తర్వాత రిటైరైనవారు లైసెన్స్ ఇళ్ల దరఖాస్తులతో, గడువు పొడిగింపుల విజ్ఞప్తులతో తిరుగుతున్నారు. ఒకే కొలిమి ముందు ఒకే రకమైన సేవ చేసిన ఇద్దరి వృద్ధాప్యాన్ని పదవీ విరమణ తేదీ ఇలా విడదీయడానికి సమర్థన ఏమిటో యాజమాన్యం చెప్పవలసి ఉంది.

ఇల్లు ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీ నిలిపివేసే అధికారం సెయిల్ నిబంధనల్లోనే ఉంది. గడువు మించి ఉన్నందుకు జరిమానా అద్దెను గ్రాట్యుటీలో సర్దుబాటు చేసుకోవచ్చని బొకారో ఉద్యోగికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో స్పష్టం చేసింది. ఆ తీర్పును శిరసావహించవలసిందే. అయితే ఒక అధికారం చట్టబద్ధమైనంత మాత్రాన ప్రతిచోటా దాన్ని వాడడం ధర్మం కాజాలదు. పైగా తొలగింపు ప్రక్రియ 1971 నాటి ప్రభుత్వ ఆవరణల చట్టం కింద సాగుతుంది. దాని ప్రకారం విచారణ చేసే ఎస్టేట్ అధికారి చాలా సందర్భాల్లో ఆ సంస్థ అధికారే. ఆయన ఆదేశంపై జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకోవచ్చు తప్ప మామూలు సివిల్ దావా వేయడానికి వీల్లేదు. ఫిర్యాది, న్యాయనిర్ణేత ఒకే కప్పు కింద కూర్చున్నప్పుడు ఆ సంస్థ మరింత నిగ్రహం చూపాలి. ఈ చట్టాన్ని ఇష్టారాజ్యంగా వాడరాదని కేంద్ర ప్రభుత్వమే 2002 మే 30న మార్గదర్శకాలు ఇచ్చింది. అవి అద్దెదారుల గురించి చెప్పినవే అయినా వాటి స్ఫూర్తి క్వార్టర్లకు వర్తించదనడం సాధ్యం కాదు.

యాజమాన్యం వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఉక్కు ధరల ఆటుపోట్ల మధ్య లాభం చూపించవలసిన కంపెనీ ఊరి మురుగుకాలువలనూ వీధిదీపాలనూ ఎంతకాలం మోయాలి? అరవై ఏళ్ల నాటి కప్పులు పెచ్చులూడుతున్నాయి, వానాకాలానికి ముందు తారుఫెల్టింగ్ చేయించమని ప్రతి సెక్టర్ నుంచీ అర్జీలు వస్తాయి. కొత్తగా చేరిన యువ ఉద్యోగికి మంచి ఇల్లు ఇవ్వాలంటే ఆక్రమణదారును ఖాళీ చేయించక తప్పదు. ఇవన్నీ న్యాయమైన ఇబ్బందులే. కానీ ఇదే సంస్థకు ప్రణాళిక చేతకాదని ఎవరనగలరు? మరోదా జలాశయం నీటి మీద 15 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రాన్ని సెయిల్, ఎన్టీపీసీల ఉమ్మడి సంస్థ చేపట్టింది. నీటి ఉపరితలాన్ని కూడా వృథా పోనివ్వని దూరదృష్టి ఆ గట్టుకు ఇవతల ఉన్న ఇళ్ల విషయంలో ఎందుకు కొరవడింది?

దారి వెతకడానికి దూరం వెళ్లనవసరం లేదు. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో లక్షలాది వలస కార్మికులు కాలినడకన ఇళ్లకు వెళ్లిన దృశ్యం చూశాక కేంద్ర మంత్రివర్గం 2020 జూలైలో సరసమైన అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను అద్దెకివ్వడం అందులో ఒక పద్ధతి. ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు తమ ఖాళీ స్థలాల్లోనే కార్మికుల అద్దె ఇళ్లు కట్టడం మరో పద్ధతి. భూమి, రోడ్డు, నీటిగొట్టం, కరెంటు స్తంభం అన్నీ సిద్ధంగా ఉన్న భిలాయి కంటే దీనికి అనువైన ఊరు దేశంలో అరుదు. కేంద్రం ఒక మంత్రిత్వశాఖ ద్వారా దేశానికి చెప్పిన మాటను మరో మంత్రిత్వశాఖ కింద ఉన్న కంపెనీలో అమలు చేయించలేకపోతే ఆ పథకాన్ని ప్రైవేటు యజమానులు ఎలా నమ్ముతారు?

రాష్ట్ర ప్రభుత్వమూ నగరపాలక సంస్థలూ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మరోదా ప్రాంతం ఇప్పుడు భిలాయి నుంచి విడదీసిన రిసాలీ నగరపాలక సంస్థలో ఉంది. 2021 డిసెంబరులో దానికి తొలి ఎన్నికలు జరిగాయి. ఓటు వేసేది కార్పొరేటర్‌కు, కుళాయి పాడైతే వెళ్లేది ప్లాంటు నగర సేవా విభాగానికి. బస్తీవాసి పట్టా అడిగితే అది కంపెనీ భూమి అంటారు. కంపెనీని అడిగితే పునరావాసం ప్రభుత్వ బాధ్యత అంటారు. సొంత జాగా ఉంటేనే ఇల్లు కట్టుకోవడానికి సాయమిచ్చే ప్రధానమంత్రి ఆవాస్ యోజన విభాగం అతడికి అందదు. ఎన్నికలకు ముందు ఇళ్లు నిలబెడతామని వేదికలెక్కే నాయకులు, ఆ తర్వాత యాజమాన్యంతో లిఖితపూర్వకమైన ఒక్క ఒప్పందం ఎందుకు కుదుర్చుకోలేకపోయారు? రెండు పాలనల మధ్య పౌరుడిని ఇలా వదిలేయడం పరిపాలన అనిపించుకోదు.

దీని ఫలితం ఇటుకలకే పరిమితం కాదు. ఒక సెక్టర్‌లో సగం ఇళ్లు బూజు పట్టి, మిగిలిన సగంలో ఎవరు ఎన్నాళ్లుంటారో తెలియనప్పుడు బడిలో పిల్లలు తగ్గుతారు, బజారులో కొట్లు మూతపడతాయి, దసరా పందిరికి చందా ఇచ్చేవారు కరవవుతారు. తెలుగు, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, మలయాళం, పంజాబీ కుటుంబాలు గోడకు గోడ ఆనుకుని బతికిన ఊరది. కులం, భాష అడగకుండా షిఫ్టు అడిగి స్నేహం చేసిన ఆ పొరుగుతనం ఏ చట్టంతోనూ రాలేదు. కలిసి నివసించడం వల్ల వచ్చింది. స్థానికుల భూమి మీద కట్టిన ఊళ్లో వారి పిల్లలు బస్తీలో మిగలడం, మిగతావారు క్వార్టర్ నుంచి కాలనీ అపార్ట్‌మెంట్లకు తరలిపోవడం ఆ పొరుగుతనాన్ని మెల్లగా తెంచేస్తోంది.

తెలుగు పాఠకులు ఈ సంగతిని విశాఖ వైపు చూస్తూ చదవాలి. ముప్ఫై రెండు మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న విశాఖ ఉక్కును నూరుశాతం అమ్మేయాలని కేంద్ర మంత్రివర్గం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినా కార్మికుల భయం తొలగిపోలేదు. ఉక్కునగరం క్వార్టర్లు, నిర్వాసితుల కాలనీలు, కాంట్రాక్టు కార్మికులు: భిలాయిలోని ప్రతి ప్రశ్నకూ అక్కడ ప్రతిరూపం ఉంది. కర్మాగారానికి ఊరు భారమన్న లెక్క భిలాయిలో చెల్లుబాటైతే, గాజువాక అవతల అదే లెక్కను చూపించడానికి ఎవరికీ సంకోచం ఉండదు.

సెయిల్ చేయవలసిన మొదటి పని కఠినమైనదేమీ కాదు. భిలాయిలోని ప్రతి సెక్టర్‌లో క్వార్టర్లెన్ని, నివాసయోగ్యమైనవెన్ని, తాళం వేసి ఉన్నవెన్ని, కూల్చవలసినవెన్ని అన్న జాబితాను ప్రజల ముందు పెట్టాలి. అందులో కొంత వాటాను కాంట్రాక్టు కార్మికులకు నేరుగా, దళారీ లేకుండా, వేతనానికి తగిన అద్దెకు కేటాయించాలి. రిటైరైనవారికి లీజు తెరుస్తారో లేదో తేల్చి చెప్పాలి. బస్తీల పునరావాసంపై ఉక్కు మంత్రిత్వశాఖ, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం, రిసాలీ నగరపాలక సంస్థ కూర్చుని గడువుతో ఒప్పందం రాసుకోవాలి. తాళాలు పగలగొట్టి ఇళ్లు అమ్ముకునే దళారులపై కేసులు పెట్టాలి. ఆ జాబితా వెలువడి, ఆ విధానం ప్రకటించేంత వరకు, పిల్లలున్న ఏ కుటుంబాన్నీ ప్రత్యామ్నాయం చూపించకుండా మరోదా వీధిలోకి దింపరాదు.